వెనక అర్రకు తెల్ల అంచులు

మా ఆయన బాయిలో టింబర్‌మన్. బొగ్గు గనిని మేము బాయి అంటాం. పైకప్పు మనుషుల మీద పడకుండా కర్రలు, దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. అంత పనిమంతుడు ఇంట్లో క్యాలెండరుకు ఒక్క మేకు కొట్టమంటే మూడు నెలలు తిప్పించుకునేవాడు. అలాంటిది పోయిన వానాకాలం ఒకనాడు ఫస్టు షిఫ్టు చేసి వచ్చి, చాయ్ కూడా అడగకుండా వెనక అర్ర తాళం తీసి, అందులో సామానంతా వాకిట్లోకి మోయడం మొదలుపెట్టాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

సెంటినరీ కాలనీలో మాది కంపెనీ క్వార్టరు. వెనకాల మేమే ఒక రేకుల అర్ర వేసుకున్నాం. కొడుకు చిన్నప్పుడు అందులో చదువుకునేవాడు. వాడు కరీంనగర్ హాస్టలుకు పోయాక అది పాత సామాను కొట్టం అయింది. మా అత్త నాటి టేకు మంచం, ఒక తలుపు వేలాడే చెక్క బీరువా, వైర్లు తెగిన రెండు కుర్చీలు, కొడుకు రాసుకున్న బల్ల, అన్నీ దుమ్ము కొట్టుకొని ఉండేవి.

"గివన్ని ఎందుకు తీస్తున్నవ్?" అన్నాను.

"ఖరాబైతున్నయ్. బాగు చేద్దమని."

"ఇన్నేండ్ల సంది ఖరాబు కాలేదా?"

"గప్పుడు టైం లేకుండె."

ఇప్పుడు టైం ఎక్కడి నుంచి ఊడిపడిందో మాత్రం చెప్పలేదు. నాది అనుమానపు పుట్టుక అని మా ఆయన అంటుంటాడు. ఒప్పుకుంటాను. పాలాయన నవ్వుతూ పాలు పోశాడంటే నేను గిన్నె ఒంచి నీళ్లు చూస్తాను.

పని మాత్రం ముచ్చటగా చేశాడు. మంచం కోళ్లు ఊడదీసి, పాలిష్ కాగితంతో రుద్ది, వార్నిష్ పూసి మళ్లీ బిగించాడు. బీరువా తలుపుకు కొత్త బందులు పడ్డాయి. కుర్చీలకు పచ్చ వైరు తానే అల్లాడు. పక్క క్వార్టరు ఆమె గోడ మీంచి చూసి, "ఏంది వదినే, కోడలు వస్తున్నట్టుంది!" అని ఆట పట్టించింది. నేను నవ్వాను గానీ ఆ మాట నా కడుపులో పడి ఉండిపోయింది. కోడలు వచ్చినా రాకపోయినా, ఈ అర్ర సిద్ధమయ్యేది కొడుకు కోసమే అనిపించింది. వాడికి ఇంకా ఒక ఏడాది చదువుంది. మధ్యలో ఇక్కడికి వచ్చి ఏం చేస్తాడు?

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఒంట్లో బాగాలేక ఇక బాయి పని చేయలేడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ మనిషి ఇంట్లో ఒకరికి ఉద్యోగం దొరికే వీలుంటుంది. దాన్ని మేము ఒక్క ముక్కలో అన్‌ఫిట్ అంటాం. మా క్వార్టర్ల లైన్లలో అది రోగం పేరు కాదు, వరం పేరు. ఫలానాయన అన్‌ఫిట్ అయ్యాడని తెలిస్తే ఎవరూ అయ్యో అనరు, నసీబున్నోడు అంటారు. ఎవరైనా కుంటుతూ కనబడితే, దేనికోసం కుంటుతున్నాడో అని నవ్వుకుంటాం. మా లైన్లోనే ఒకాయన నడుముకు పట్టీ కట్టుకొని నెలల తరబడి మూలిగాడు. అన్‌ఫిట్ అయిన వారానికే గోధుమల మూట భుజాన వేసుకొని గిర్నీకి పోతుంటే నేనూ మా ఆయనా కిటికీలోంచి చూసి కడుపుబ్బ నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

కానీ నా కొడుకు సంగతి వేరు. మా నాయిన బాయిలోనే పోయాడు. అప్పుడు నేను ఏడో తరగతి. మొగుడంటే తప్పలేదు, బాయి మనిషినే చేసుకున్నాను. కొడుకును మాత్రం దిగనియ్యనని వాడు పుట్టిననాడే అనుకున్నాను. ఈ సంగతి మా ఆయనకు తెలుసు. అందుకే నాకు చెప్పకుండా అన్‌ఫిట్‌కు తయారవుతున్నాడని నా లెక్క.

ఆ లెక్కకు తగ్గట్టే అన్నీ కనబడసాగాయి. చాయ్ కప్పు పక్కన పోయడం, దర్వాజకు భుజం తగిలించుకోవడం, కింద పడ్డ మేకు కోసం చేత్తో తడుముతూ కూర్చోవడం, ఇవన్నీ కొత్త. "కండ్లు దొబ్బినయా?" అంటే, "చీకటుంది అర్రల" అనేవాడు. అర్రలో పట్టపగల్లాంటి బల్బు వెలుగుతుండేది. అన్‌ఫిట్‌కు ఇంట్లోనే రిహార్సలు చేస్తున్నాడని నేను పళ్లు కొరుక్కున్నాను.

తర్వాత తెల్ల పెయింటు డబ్బా తెచ్చాడు. నున్నగా వార్నిష్ పూసిన మంచానికి అంచుల వెంబడి తెల్ల పట్టీ గీశాడు. బల్ల అంచులకు, కుర్చీ చేతులకు, బీరువా మూలలకు, దర్వాజ చుట్టూ కూడా అంతే. చక్కటి టేకు చెక్కను అట్లా పాడు చేస్తుంటే ఒళ్లు మండింది.

"గిదేం సోకు?" అన్నాను.

"గిప్పుడు గిదే ఫ్యాషన్."

పెళ్లప్పటి నుంచి ఒకే రకం గళ్ల లుంగీ కట్టే మనిషి నోట ఫ్యాషన్! ఆ మరునాడు నేను రేషన్ షాపుకు పోయి వచ్చేసరికి అర్ర గడప కోసి పారేసి ఉంది. ప్రతి శుక్రవారం నేను పసుపు రాసి బొట్టు పెట్టే గడప. కాలికి తట్టుకుంటుందట! రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఉతకడానికి ప్యాంటు జేబులు తడుముతుంటే కరీంనగర్ కళ్ల దవాఖాన చీటీ దొరికింది. చీటీలు కూడబెట్టి ఫైలు తయారు చేస్తున్నాడని అనుకున్నాను. అదే వారం కొడుకు ఫోనులో, "అమ్మా, సదువైనంక ఏం జేస్తవని నాయిన ఊకె అడుగుతున్నడే" అన్నాడు. ఇంకేం కావాలి నాకు? మొగుడిని దొరకబట్టాలని నిశ్చయించుకున్నాను.

ఆదివారం పొద్దున ఆయన స్నానానికి పోగానే వంటింట్లోని ముక్కాలిపీట తీసుకుపోయి అర్రలో మంచానికి, బీరువాకు నడుమ దారిలో పెట్టాను. కిటికీలోంచి ఎండ సరిగ్గా దాని మీద పడుతోంది. కళ్లున్న మనిషైతే పక్కకు తప్పుకుంటాడు. తప్పుకున్నాడా, అక్కడికక్కడే నిలదీయాలి. ఏం అడగాలో మాటలు కూడా పేర్చుకొని దర్వాజ పక్కన నిలబడ్డాను.

ఆయన టవల్ భుజాన వేసుకొని వచ్చాడు. బీరువా వైపు తిన్నగా చూస్తూ, ఏ తడబాటూ లేకుండా, మామూలుగా నడిచాడు. పీట మోకాళ్ల కింద తగిలింది. చేతులు చాపడానికి కూడా వ్యవధి లేకపోయింది. గడ్డం పోయి మంచం మూలకు కొట్టుకుంది. తెల్ల పట్టీ మీద నెత్తురు చూసి నేను కేక పెట్టాను.

కాలనీ దవాఖానలో నాలుగు కుట్లు పడ్డాయి. ఎట్ల పడ్డవని డాక్టరమ్మ అడిగితే, "కనబడలే" అన్నాడు. ఆమె వేలు ఆయన చెవి దగ్గర నుంచి మెల్లగా ముందుకు తెస్తూ కనబడ్డప్పుడు చెప్పమంది. వేలు దాదాపు ముక్కు ముందుకు వచ్చేదాకా ఆయన ఏమీ అనలేదు. నాటకం ఆడేవాడైతే అంత సిగ్గుపడుతూ కూర్చోడు.

నీటికాసులట. పక్క చూపు మొత్తం పోయింది, అది మళ్లీ రాదు. ఎదురుగా ఉన్నది మాత్రమే కనబడుతుంది, అదీ మిగిలినన్నాళ్లే. ఇలాంటి కళ్లతో బాయికి పోతే నీకే కాదు, పక్కవాళ్లకు కూడా ముప్పని డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది. ఆయన తల దించుకొని విన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగాను. "ఎన్నాళ్ల సంది?"

"ఏడాది దాటింది. టోపీ లైటు పెట్టుకున్నట్టే, ముంగట ఉన్నదే కనబడ్తది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నమ్ముతవా? ఆ నడుం పట్టీ ఆయనను చూసి ఎంత నవ్వినం మనం?"

ఆయనే మెల్లగా చెప్పుకొచ్చాడు. సంగతి బయటపడితే చుట్టాలు, దోస్తులు అందరూ కలిసి కొడుకును బాయిలో పెట్టించమని మీద పడతారట. వాడి చదువు పూర్తయ్యేదాకా ఎట్లాగో నెట్టుకొద్దామనుకున్నాడట. బాయిలో బండ్లు వస్తే తప్పుకొని నిలబడే గూళ్లకు సున్నం పూస్తారు, చీకట్లో అవి ఆనవాలుగా కనబడాలని. ఆ పద్ధతే ఇంటికి తెచ్చుకున్నాడు. రేపు చూపు ఇంకా తగ్గినా ఒక్క అర్రలోనైనా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరగాలని దాన్ని చేతులతో నేర్చుకుంటున్నాడు. ఆ మంచం, ఆ కుర్చీలు, ఆ బల్ల కొడుకు కోసం కాదు, తన కోసమే.

"నేను పనికి పోను గానీ, ఏ కాయిదంల గూడ పిలగాని పేరు రాయను," అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకొని ఏడ్చాను. దెబ్బకు భయపడి ఏడుస్తున్నానని అనుకున్నట్టున్నాడు, ఊరుకోమని వీపు నిమిరాడు.

పీట సంగతి మాత్రం నోరు పెగల్లేదు. ఇంటికి వచ్చాక ఆయనే, "పీట నేనే పెట్టుకొని మర్శిపోయినట్టున్న" అన్నాడు. నేను ఊఁ అన్నాను. ఆ ఊఁ ఎంత పని చేసిందో రెండు రోజుల్లో తెలిసింది. తాళం వేశానా అని మూడుసార్లు లేచి చూసుకుంటున్నాడు. మాత్ర వేసుకున్నానో లేదో నన్నడిగి, మళ్లీ అడుగుతున్నాడు. అర్రలోకి పోయేముందు నేల మీద కాలుతో తడుముతూ నిలబడుతున్నాడు. అంత కష్టపడి నేర్చుకున్న అర్రలోనే ఆయనకు ధైర్యం పోయింది. నాలుగో రోజు అన్నం ముందు కూర్చొని, "కండ్లు పోతే పోనీ. మతి గూడ పోతే ఎట్ల?" అన్నాడు.

ఇక తట్టుకోలేకపోయాను. "పీట నువ్వు పెట్టలే. నేను పెట్టిన," అన్నాను.

"నువ్వెందుకు పెడ్తవ్?"

"నువ్వు నాటకం ఆడుతున్నవనుకున్న. చూద్దామని అడ్డం పెట్టిన. దర్వాజ పక్కన నిలబడి చూసిన."

ఆయన నా ముఖం కోసం తల ఇటూ అటూ తిప్పి, దొరికాక అక్కడే చూపు నిలిపాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆయన చిన్నగా నవ్వి అన్నం కలుపుకున్నాడు.

"నేను ఫికర్ పడుతున్నననే గిట్ల చెప్తున్నవ్ గని, నువ్వు గట్ల చేసేదానివి గాదు," అన్నాడు.

కొడుకు మీద ఒట్టేసి చెప్పాను. అయినా నమ్మలేదు.