నూకరాజు గారి శుభలేఖ స్కీమా

ల్యాప్‌టాప్ ‘టంగ్’మని మోగితే మా ఇంట్లో వాళ్లు ఉలిక్కిపడతారు, నాకు మాత్రం నవ్వొస్తుంది. ఇంట్లోనే కూర్చుని పాఠ్యపుస్తకాలను డిజిటల్ ప్రతులుగా మార్చడం నా ఉద్యోగం. చేసినదాంట్లో ఎక్కడైనా నియమం తప్పితే ఆ మోత మోగుతుంది. ఈ ఉదయం కూడా మోగింది. వెంటనే నా నోరు, నన్నడగకుండానే, “ఏటమ్మా, నీకిప్పుడేటి తక్కువైనాది?” అంది. అది నా మాట కాదు, నూకరాజు గారిది. నర్సీపట్నం బస్టాండు దగ్గర శుభలేఖలు అచ్చువేసే కొట్టు ఆయనది. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే.

కొట్టు పెట్టకముందు ఆయన కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. బుర్రలో ఆ పురుగు ఊరుకోక, శుభలేఖలకి కూడా సొంతంగా స్కీమా రాసుకున్నారు. ఒక పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మెషీనుకి చెప్పే గుర్తులు ట్యాగులు. ఏ ట్యాగు తప్పనిసరి, ఏది ఎన్నిసార్లు రావచ్చు, ఏది దేని తర్వాత రావాలి అని చెప్పే చట్టం స్కీమా. బయట దొరికే ట్యాగులు మన పెళ్లికి చాలవని వరుడు, వధువు, మేనమామ, సుముహూర్తం, విందు అంటూ తెలుగులోనే సృష్టించుకున్నారు. ‘మా పిన్ని పెళ్లికి తప్పకుండా రావాలి’ అని చిన్నపిల్లల పేర్లతో వేసే ముద్దు వాక్యానికి ‘బుడతలు’ అని ఒక ట్యాగు ఉండేది. వివరాలు ఒకసారి టైపు చేస్తే చాలు, ఏ డిజైను కార్డులోనైనా తమంతట తామే సర్దుకునేవి. నాకిదంతా ఎక్కక బిక్కమొహం వేస్తే, “పెళ్లి విస్తరి అనుకో అమ్మా. ఏది ఏ మూల వడ్డించాలో ముందే ఖాయం. పప్పు లేకపోతే గోల. అప్పడం ఎన్నయినా ఏసుకోవచ్చు. అదే స్కీమా,” అన్నారు. తిండి మీద పెట్టి చెబితే అర్థం కానిదేముంటుంది!

తాతల పేర్ల దగ్గర ఆయన కాస్త అతితెలివి చూపించారు. వచ్చే కార్డుల్లో చాలామటుకు తాతలు పోయినవాళ్లే కదా అని, ఎవరూ ఏమీ చెప్పకపోతే ‘కీ.శే.’ దానంతటదే పడేలా పెట్టారు. ఒకసారి నాతవరం నుంచి వచ్చిన పెళ్లికొడుకు నమూనా కార్డు పట్టుకెళ్లాడు. మర్నాడు ఓ పెద్దాయన షేర్ ఆటో దిగి, కర్ర ఊపుకుంటూ కొట్లోకి వచ్చారు. ఆ పెళ్లికొడుకు తాత.

“ఏటి బాబూ, నేను సచ్చిపోనానని నీకెవుడు సెప్పాడు? నాకే తెలీదే!”

నేను బల్ల కింద దూరడమే తక్కువ. నూకరాజు గారు లేచి చేతులు జోడించి, “తప్పు నాదే తాతగారూ. మిమ్మల్నడక్కుండా తేల్చీసేను,” అన్నారు. పెద్దాయన కాసేపు గుర్రుగా చూసి, ఫక్కున నవ్వి, “పోన్లే, గండం కాయితం మీదే పోనాది. టీ సెప్పు,” అన్నారు. ఆయన వెళ్లగానే నూకరాజు సార్ ఆ నియమం తీసేశారు. మనుషుల్ని అడగాల్సినవి మెషీను నింపకూడదని నాకు గట్టిగా చెప్పారు. ఇప్పుడు సార్ పేరు ముందే ఆ రెండక్షరాలు రాయాలి. నాకు మనసొప్పదు, రాయను.

అక్కడ పనిచేస్తుండగానే నా పెళ్లి కుదిరింది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న వేరే ఊళ్లో ఇంకో సంసారం పెట్టుకుని మళ్లీ ఇటు చూడలేదు. నన్ను పెంచింది రోలుగుంటలో ఉండే మా పెద్దమ్మ సింహాచలం. పెదనాన్న పోయాక చెరకు తోటల్లో పనికెళ్లి నన్ను చదివించింది. శుభలేఖలో ఆమె పేరుండాలి, ఆ పెళ్లిలో నేను పట్టుబట్టింది అదొక్కటే. పెద్దమ్మ ససేమిరా అంది. కొట్లో స్టూలు మీద ఒదిగి కూర్చుని, “ఆళ్ల నాన్న పేరే ఏసీయండి బాబూ. పసుపూ కుంకం లేనిదాన్ని, శుభమా అని నా పేరెందుకు?” అంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. సార్ ‘తండ్రి’ అనే ట్యాగు ఖాళీగా వదిలి చూశారు. అది తప్పనిసరి కాబట్టి మెషీను టంగుమంది.

ఆయన పెద్దమ్మ వైపు తిరిగారు. “అమ్మా, ఈ పెళ్లికి మీ ఊరోళ్లు ఎవర్ని సూసి వస్తారు?”

“నన్ను సూసే. ఆళ్ల నాన్నని ఎవులెరుగుదురు?”

“వచ్చినోళ్లకి ఎదురెళ్లేదెవరు?”

“నేనే.”

“కూర తక్కువైతే తిట్లెవరికి?”

“నాకే కదా!” అని పెద్దమ్మ నవ్వేసింది.

“మరైతే పిలిసేది మీరు. పిలిసినోరి పేరు లేకపోతే అది శుభలేఖ కాదు, అట్టముక్క. నేనచ్చెయ్యను.”

ఆ మాట అని స్కీమా తెరిచారు. ‘తండ్రి’ అని ఉన్నచోట ‘పిలిచేవారు’ అని రాశారు. ఎవరైనా కావచ్చు, ఎందరైనా కావచ్చు, ఒక్కరైనా ఉండి తీరాలి. పెద్దమ్మ పేరు ఆయనే టైపు చేశారు. ఈసారి మెషీను నోరెత్తలేదు. పెద్దమ్మ పైటతో కళ్లొత్తుకుని, “బేగి కానీయండి బాబూ, ఆటో ఎళ్లిపోద్ది,” అంది.

నేనిప్పటికీ ఏ స్కీమాలోనైనా ‘తప్పనిసరి’ అని రాసే ముందు ఆగుతాను. దీనివల్ల ఎవరు బయట నిలబడాల్సి వస్తుందో అని ఆలోచిస్తాను. పని ఆలస్యం చేస్తానని పేరొచ్చింది, రానీ. అప్పుడు నా పెళ్లి కార్డులు అచ్చయి వచ్చాక పెద్దమ్మ మరెవర్నీ పంచనివ్వలేదు. చదువు రాదు కాబట్టి తన పేరెక్కడుందో నన్నడిగి గుర్తుపెట్టుకుంది. గడపగడపకీ వెళ్లి, సరిగ్గా అక్కడ వేలు పెట్టి చూపించి, “పిలిసింది నేను. రాకపోతే సూడు మరి!” అని చెప్పి వచ్చింది. ఊరంతా వచ్చింది.