పాత కంప్యూటర్‌కి కొత్త ప్రోగ్రామ్ రాసింది నేను కాదు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నిజానికి అవి రెండు. మొదటిదాన్ని కాపాడుకోవడానికే రెండోది ఆడాను. ఇంట్లో చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడూ పైకి అనలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకేనేమో మీ దగ్గర నోరు పెగులుతోంది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. మా అమ్మానాన్నలు కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ టీచర్లు. నేను అక్కడి యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక ఫిజిక్స్ ల్యాబ్‌లో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. లోహపు ముక్కల్ని వేడిచేసి కొలిచే యంత్రం ఒకటి ఉండేది మా దగ్గర. దాన్ని నడిపేది నా చిన్నప్పటి కాలం నాటి డాస్ కంప్యూటర్, నల్ల తెర మీద పచ్చ అక్షరాలు వచ్చే రకం. కొత్త కంప్యూటర్లకు ఆ యంత్రంతో పొసగదు. ప్రోగ్రామ్ ఉన్న ఒకే ఒక్క ఫ్లాపీకి బూజు పట్టడంతో యంత్రం మూలపడింది.

యాదగిరి అక్కడే ఎమ్మెస్సీ చదివేవాడు. వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి వచ్చాడు. బంద్‌లకు క్లాసులు ఆగిన రోజుల్లో వచ్చి ఆ డొక్కు కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. లోకం ఎప్పుడో వదిలేసిన డాస్ కోసం ఎవరైనా కొత్తగా ప్రోగ్రామ్ రాస్తారా? అతను రాశాడు. యంత్రం ఏ తీగలో ఏం పంపుతోందో వారాల తరబడి కాగితాల మీద రాసుకుని, ఫోన్‌లో ఒక్క ఫొటోకి పట్టే చోటులో పదో వంతులో ప్రోగ్రామంతా ఇమిడ్చాడు.

ఒక మధ్యాహ్నం, బయట ర్యాలీ నినాదాలు వినిపిస్తుండగా, తెర మీద పచ్చ చుక్క ఒకటి కదిలింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే కొలతల గీత అయింది. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అందరూ చచ్చిందనుకున్నదాన్ని ఒక మనిషి ఆలోచన లేపి నడిపిస్తోంది! ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ అలాగే ఉంటుంది నాకు. యాదగిరి మాత్రం తల గోక్కుని, ఆకలేస్తోందని చెప్పి సాయంత్రం వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ల్యాబ్ చూసుకునే మా సార్ వచ్చారు. నడుస్తున్న యంత్రాన్ని చూసి, నువ్వే రాశావా అని అడిగారు. నా కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది. అవును సార్ అన్నాను. యాదగిరి వచ్చాక నిజం చెప్పేద్దామనుకున్నానా? ఏమో, ఆ ఉద్దేశం కూడా తర్వాత కల్పించుకున్నదేనేమో.

అతను రాలేదు. ముందురోజు సాయంత్రం తార్నాక వైపు నడిచి వెళ్తుంటే పోలీసులు పట్టుకున్నారని తెలిసింది. మధ్యాహ్నం ర్యాలీలో రాళ్లు వేశాడని కేసు.

బెయిలు మీద బయటికొచ్చి నేరుగా ల్యాబ్‌కే వచ్చాడు. ప్రోగ్రామ్ ఫైలు మీద ఆ రోజు తేదీ, టైము ఉంటే వకీలుకు ఇద్దామని ఆశ. చూస్తే 1980 జనవరి ఒకటి. ఆ కంప్యూటర్‌లో గడియారం బ్యాటరీ ఎప్పుడో పోయింది. ఆన్ చేసినప్పుడల్లా అది తేదీ అడిగేది, మేం చూడకుండా ఎంటర్ కొట్టేవాళ్లం. ఆ రోజు కొట్టింది నేనే.

"ఏం కాదక్కా, నువ్వున్నవు కదా. మధ్యాహ్నమంతా నేను గీడనే కూసొని ప్రోగ్రామ్ రాసిన అని ఒక్క మాట చెప్పు, చాలు."

చెబితే ప్రోగ్రామ్ ఎవరిదో బయటపడుతుంది.

"ఏ రోజు ఎవరున్నారో నాకు సరిగ్గా గుర్తు లేదు యాదగిరీ."

అతను యంత్రం వైపు తిరిగాడు. తిట్టలేదు. ఆ చల్లని గొంతు నన్ను ఇంకా వదల్లేదు.

"మంచిదక్కా. యంత్రమైతే మంచిగ నడుస్తున్నది కదా?"

రాష్ట్రం వచ్చాక కేసు ఎత్తేశారని విన్నాను. అప్పటికే అతనికి వచ్చిన సర్కారు కొలువు ఆ కేసు వల్ల చేజారింది. నన్ను మాత్రం పర్మనెంట్ చేశారు. మా ప్రాంతం పేరెత్తి ఒక్కనాడూ నన్ను వేరు చేసి చూడని మనిషిని, భయపడి వదిలేశాను. భయమేనా? ఆశ కూడా.

అతను క్షమించాలని ఇది రాయడం లేదు. అడిగే మొహం నాకు లేదు. చెప్పాల్సిన చోట చెప్పని మాటను కనీసం ఇక్కడైనా చెబుతున్నాను. ఆ మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం దాకా యాదగిరి నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. నాకు బాగా గుర్తుంది.