స్టేషన్ దాటని ఊళ్లు

రిటైరైన వారానికే నాకు ఇంట్లో కాలు నిలవలేదు, అందరం టూరు వెళ్దామన్నాను. బిట్రగుంట నుంచి ముప్పై ఏళ్లు రైళ్లు నడిపినవాణ్ణి, టూరు ప్లాను ఇంకొకరు వేస్తే ఒప్పుకుంటానా? ఒంగోలు, బాపట్ల, తెనాలి, విజయవాడ... ఏ రైలు ఎక్కడికి ఎన్నింటికి చేరుతుందో టైంటేబుల్ చూడకుండానే రాసేశాను. ఏ ఊళ్లోనూ ఒక్క పూటకు మించి ఆగేది లేదన్నాను. మా అమ్మాయి ఫోన్లో ఏదో వెతకబోతే కసిరాను.

"ఆ ఊళ్లన్నీ నాకు కొట్టిన పిండి!"

మా ఆవిడ కాగితం తీసుకుని చదివింది.

"బాపట్లలో దిగినాక సముద్రం దగ్గిరికి ఎట్టా పోవాలయ్యా?"

"ఆటోలుంటాయి."

"తెనాలిలో ఏం చూస్తాం?"

"ముందు దిగితే కదా, చూసేది!" అని అరిచాను.

ఆమె కాగితం కింద పెట్టలేదు. "సరే, దిగినాం. ఊరు స్టేషనుకి ఏ పక్కన ఉంటది?"

ఎన్ని వందలసార్లు ఆగి ఉంటానో ఆ స్టేషన్లో. కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోబోయాను. ఎదురుగా పట్టాలు కనిపించాయి, వాటి చివర పచ్చ సిగ్నల్ కనిపించింది.

పక్కకి చూసే ఉద్యోగం కాదు నాది.