నిర్మల్ ఘాట్ల మా బస్సుకు ముందు నడిచిన లారీ

1963ల నేను ఆదిలాబాద్ నుంచి నిర్మల్‌కు సర్కారు బస్సు నడుపుతుంటి. మాది జగిత్యాల దిక్కు. పోలీస్ యాక్షన్ అయినంక లారీ మీద పనికి చేరిన. స్టీరింగ్ నేర్చుకొని, లైసెన్సు తీసుకొని, ఆఖరికి బస్సు ఎక్కిన. కరీంనగర్ రోడ్లు చదును. ఆదిలాబాద్ జిల్లాకు బదిలీ మీద వచ్చినంకనే అడవి రోడ్డంటే ఏందో నాకు తెలిసింది. నేరడిగొండ దాటి కొంత దూరం పోతే నిర్మల్ ఘాట్ మొదలైతది. ఒక దిక్కు గుట్ట, ఒక దిక్కు లోయ. ఎన్ని మలుపులున్నయో డ్రైవర్‌ను అడిగే పని లేదు, ఎక్కినోళ్ల కడుపుల తిప్పుడే చెప్తది.

బస్సు నడిపేటోని పని బ్రేకు, గేరు, హారన్ అనుకుంటరు మంది. దీపాల సంగతి ఎవ్వరు అడగరు. హెడ్‌లైట్‌కు రెండు తీర్ల వెలుగుంటది. దూరం కొట్టేదాన్ని ఫుల్ అంటం. కిందికి వంగి దగ్గరనే పడేదాన్ని డిమ్ అంటం. ఫుల్ నుంచి డిమ్‌కు మార్చే బటనే డిప్పర్. గప్పటి బండ్లల్ల అది చేతి కాడ ఉండకపోతుండె. క్లచ్ పక్కన, ఎడమ కాలి కింద, నేల మీద ఉంటుండె. ఎదురుంగ బండి రాంగనే కాలితోని ఒక్క నొక్కు నొక్కాలె. అవతలోడు సుత నొక్కుతడు. ఒకరి కండ్లల్ల ఒకరికి వెలుగు పడకుంట రెండు బండ్లు దాటుతయి. దాటినంక మళ్ల ఒక నొక్కు, ఫుల్ లేస్తది. మొకాలు కనవడకున్నా అదే మాకు సలాం, అదే వాలేకుం సలాం.

ఎడ్లబండి ఎదురైతే ఇంకా పైలంగ ఉండాలె. ఎడ్ల కండ్లల్ల ఫుల్ లైటు పడితే అవి బెదిరి రోడ్డు దిగుతయి. బండి మీద మనిషి కునుకుతుంటడు. అందుకే దూరంకెల్లి కాడి కనవడంగనే డిమ్ చేసి, మెల్లగ దాటిపోతుంటి. కొందరు బండోళ్లు చెర్నాకోల పైకి లేపి చూపేటోళ్లు. ఆ చెర్నాకోల చూస్తే ఆ దినం నడిపిన అలసటంత పోయేది.

ఇగ నేను చెప్పాలనుకున్న ముచ్చటకొస్త. భాద్రపదం నెల. ఆ దినం పొద్దుటికెల్లి ముసురు. మా కండక్టర్ పేరు ఖాజా. ఎంత మంది ఎక్కినా ఒక్కనిని గూడ కసురుకోని మనిషి. సాయంత్రం నేరడిగొండ కాడ బస్సు ఆగంగనే ఒక ఎడ్లబండి పక్కకొచ్చి నిలవడ్డది. అండ్లకెల్లి ఒక పడుచు పిలగాడు, వాని అవ్వ కలిసి ఒక ఆడిమనిషిని దించిన్రు. పిలగాని పేరు సోనేరావు. గుట్ట మీది గోండుగూడెం వాళ్లది. ఆమె వాని పెండ్లాం జంగుబాయి, తొలి కాన్పు. నొప్పులు మొదలై ఒక రాత్రి దాటిందట. బిడ్డ అడ్డం తిరిగింది, నా చేత గాదు, దవాఖానకు తీస్కపోండ్రి అని గూడెం మంత్రసాని చెప్పిందట.

ముసలవ్వ నా సీటు కాడికి వచ్చింది. చీర కొంగుకెల్లి నీళ్లు కారుతున్నయి.

"డ్రైవర్ సాబ్, మెల్లగ పోతే బిడ్డ దక్కది. ఉరికిస్తే తల్లి దక్కది. నీకెట్ల తెలుస్తదో గట్ల తీస్కపో" అన్నది.

బస్సుల ఎనుక సీటు మీద కుదుపు ఎక్కువ. నడుమ, రెండు చక్రాల మధ్యన, తక్కువ. ఖాజా నడుమ సీట్లోళ్లను లేపిండు. అడగకముందే మంది గొంగళ్లు, దుప్పట్లు తీసిచ్చిన్రు. నిర్మల్‌ల కొయ్యబొమ్మలు చేసే ఇంటి పెద్దమ్మ ఒకామె జంగుబాయి తల తన ఒళ్లె పెట్టుకొని కూసున్నది. బస్సు కదిలింది.

మబ్బుకు పొద్దు జల్దీ గూకింది. ఘాట్ మొదలు కాకముందే హెడ్‌లైట్లు వేసిన. వాన సన్నగ పడుతున్నది. రెండు మూడు మలుపులు దిగినం. కింది నుంచి ఒక లారీ ఎక్కుతున్నది. దాని వెలుగు గుట్ట మీద పడుకుంట వస్తున్నది. ఎదురుపడంగనే దాని డ్రైవర్ డిమ్ చేసిండు. నేను సుత డిప్పర్ మీద కాలు పెట్టి నొక్కిన.

టప్పుమన్నది. రెండు లైట్లు ఒక్కసారే ఆరిపోయినయి.

నాకు లోయ కనవడ్తలేదు, గుట్ట కనవడ్తలేదు. ఎదురుంగ వస్తున్న లారీ డిమ్ వెలుగే దిక్కయింది. ఆ వెలుగుల గుట్ట అంచు చూసుకొని, అటు ఆనిచ్చి బ్రేకు కొట్టి ఆపిన. లారీ పక్కకెల్లి ఎక్కిపోయింది. దాని వెనుకనే చీకటి వచ్చి మా మీద కూలవడ్డది.

ఖాజా టార్చి పట్టిండు. ఫ్యూజ్ పెట్టె తెరిచి చూస్తే తీగ కాలి ఉన్నది. ఫ్యూజ్ అంటే ఎక్కువ కరెంటు పారితే ముందుగాల తానే కాలిపోయే సన్న తీగ. కొత్త తీగ వేసిన. నిప్పురవ్వ లేచి అది సుత కాలింది. కాలి కింది డిప్పర్‌ల నీళ్లు చేరినట్టున్నయి. బోర్డు కింద చెయ్యి పెట్టి చూస్తే వైర్ల మీది రబ్బరు కరిగి ఒకదానికొకటి అతుక్కపోయినయి. అది పొద్దటి పూట, మెకానిక్ కూసొని చేసే పని. ఆ వానల, ఆ చీకట్ల నాతోని అయ్యేది కాదు.

"నేను టార్చి పట్టుకొని ముందు నడుస్త" అన్నడు ఖాజా.

నడుచుకుంట పోతే ఘాట్ ఎప్పుడు దిగాలె, దవాఖాన ఎప్పుడు చేరాలె? జంగుబాయి మూలుగు వినవడుతున్నది. సోనేరావు నా పక్కకొచ్చి నిలవడ్డడు.

"ఇగ పోమా, సాబ్?" అని అడిగిండు.

గింతమందిని చీకట్ల దించుకపోయి లోయల వేస్తనా, ఆగి ఆ తల్లిని కండ్ల ముందర పోగొట్టుకుంటనా? స్టీరింగ్ మీద చేతులు వేసి ఊకెనే కూసున్న. నా నౌకరీల అంత చేతగాని గడియ ఇంకొకటి లేదు.

గంతల పై దిక్కుకెల్లి చెప్పుల చప్పుడయింది. తల మీద గోనెసంచి కప్పుకొని, చేతిల లాంతరు పట్టుకొని ఒక మనిషి దిగి వస్తున్నడు. ఇందాక మమ్ముల దాటిపోయిన లారీ డ్రైవర్. పేరు విఠల్. యవత్మాల్ దిక్కు మనిషి, ఈ రోడ్డు మీద తిరిగి తిరిగి తెలుగు నేర్చిండు.

"ఏమైంది భాయ్? బత్తీలు పోయినయా?" అన్నడు.

"పోయినయి. నీకెట్ల తెలిసింది?"

"నన్ను చూసి నీ లైటు పోంగనే డిమ్ చేసినవనుకున్న. దాటినంక తల బయట పెట్టి ఎనుకకు చూసిన. నీ ఫుల్ మళ్ల లేవలే. ముందటి మలుపు మీద వెలుగు పడాలె, పడలే. కుచ్ తో గడ్‌బడ్ హై, ఏదో అయింది అనుకున్న. జర జాగ చూసి, లారీ ఆపి వచ్చిన."

లోపలి కెల్లి జంగుబాయి కేక వినవడ్డది. అతడు లాంతరు ఎత్తి చూసిండు.

"నా లారీల వేస్కోని పోదామా?" అన్నడు.

ముసలవ్వ అడ్డం వచ్చింది. "ఇప్పుడు లేపితే మనిషి ఉండది, నాయ్నా."

విఠల్ పై దిక్కు చెయ్యి చూపిండు. "నాది ఖాళీ లారీ. సంత్ర పండ్లు హైదరాబాద్‌ల దించి మర్లిపోతున్న. పైన కంకర కుప్పల కాడ జాగ ఉన్నది, ఆడ తిప్పుకొని వస్త. నేను ముందు పోత, నువ్వు నా ఎనుక రా."

తానెక్కిన ఘాట్‌ను మళ్ల దిగాలె, మళ్ల ఎక్కాలె. వానల, ఇంటికి పోయే తొవ్వల. నేను అడగలే, అతడు లెక్క చూసుకోలే.

లారీ తిప్పుకొని వచ్చి మా ముందు నిలిపిండు. దాని ఎనుక ఒక్కటే ఎర్ర దీపం, అది సుత మినుకుమినుకుమంటున్నది. దాన్ని చూసుకుంట దిగుడు కష్టమే. విఠలే ఉపాయం చెప్పిండు. ఖాజాను లారీ ఎనుక తొట్టిల, మా దిక్కు మొకం పెట్టి కూసోమన్నడు.

"టార్చి డ్రైవర్ కండ్లల్ల కొట్టకు. రోడ్డు అంచు మీద కొట్టు. ఆయనకు అంచు దొరికితే చాలు" అన్నడు.

అట్ల దిగినం. నేను లో గేర్ల వేసి, ఇంజన్ పట్టుతోనే బస్సు ఉరకకుంట ఆపుకున్న. విఠల్ హెడ్‌లైట్లు ముందట రోడ్డును చూపుతున్నయి, ఖాజా టార్చి నాకు అంచును చూపుతున్నది. మలుపు రాకముందే విఠల్ చెయ్యి బయట పెట్టి ఊపుతున్నడు. ఖాజా తల తిప్పి దాన్ని చూసి "మోడ్ ఉస్తాద్, మోడ్!" అని ఒర్రుతున్నడు. మోడ్ అంటే మలుపు.

సగం దిగినంక ఎదురుంగ ఇంకొక లారీ వచ్చింది. విఠల్ దూరంకెల్లే డిమ్ చేసి, లైట్లు రెండు సార్లు ఆర్పి వెలిగించి, చెయ్యి పెట్టి ఆపిండు. "ఎనుక బస్సున్నది, బత్తీ లేదు, కాన్పు మనిషున్నది" అని గట్టిగ చెప్పిండు. ఆ లారీ అతడు పక్కకు ఒత్తుకొని నిలవడ్డడు. లైట్లు డిమ్‌ల పెట్టి మేం దాటేదాక అట్లనే ఉంచిండు. నా కండ్లకు వెలుగు తాకలే, నా చక్రాల ముందట మాత్రం రోడ్డంత కనవడ్డది. అతని మొకం నేను చూడలే. చెయ్యెత్తి దండం పెట్టిన. చూసిండో లేదో.

కొంచెం దూరం పోయినంక బస్సుల మూలుగు ఆగిపోయింది. ఇంజన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ నిశ్శబ్దం నాకు లోయ కన్న ఎక్కువ భయమైంది.

"పెద్దమ్మా!" అని పిలిచిన, రోడ్డు మీదికెల్లి చూపు తియ్యకుంట.

"ఉన్నది బిడ్డా. చెయ్యి వెచ్చగనే ఉన్నది. నువ్వు రోడ్డు చూడు" అన్నది నిర్మల్ పెద్దమ్మ.

మళ్ల జంగుబాయి మూలిగింది. బస్సుల ఎవరో "దేవుడా, మూలగనీ" అన్నరు. నొప్పిల మనిషి మూలిగితే అంతమంది సంబురపడుడు నేను గప్పుడే చూసిన.

ఘాట్ దిగి, నిర్మల్ ఊరి దీపాలు కనవడంగనే విఠల్ హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యలే. మందిని పక్కకు జరుపుకుంట సీదా దవాఖాన గేటు కాడికి తీస్కపోయిండు. లోపలికెల్లి మనుషులు ఉరికొచ్చిన్రు. జంగుబాయిని దుప్పట్లతోని సహా ఎత్తుకపోయిన్రు.

మేం బయట నిలవడ్డం. బస్సుల నిర్మల్ ఊరోళ్లే ఎక్కువ, అయినా సగంమంది ఇండ్లకు పోలే. విఠల్ సుత పోలే. ఖాజా పండ్లు కటకట కొడుతున్నయి, అంతసేపు వానల తడిసిండు. దవాఖాన ఎదురుంగ హోటలాయన అందరికి చాయ్ పోసిండు.

ఆఖరికి డాక్టరమ్మ బయటకొచ్చి, "తల్లి ఉన్నది, బిడ్డ ఉన్నది. ఆడపిల్ల. ఇంకొంచెం ఆలస్యమైతే నేను ఈ మాట చెప్పకపోదును" అన్నది.

సోనేరావు ముందుగాల నవ్విండు. తర్వాత ఏడ్చిండు. వచ్చి విఠల్ కాళ్లు పట్టుకోవోయిండు. విఠల్ వాని రెక్కలు పట్టి లేపిండు.

"నాకెందుకు మొక్కుతవ్? ఘాట్ల మస్తు మంది ఫుల్ లైటు మొకం మీద కొట్టి పోతరు. ఈయన నా కండ్లు మంచిగుండాలెనని బటన్ నొక్కిండు. నొక్కబట్టే తన బత్తీలు పోయినయి. ఇగ నేను ఎట్ల పోత?" అన్నడు.

నేను ఆ బటన్‌ను దినాం ఎన్నిసార్లు నొక్కుతనో నాకే తెలవది. అలవాటుగ కాలు పోతది, అంతే. ఆ అలవాటును ఒక మనిషి గింత బాకీ లెక్క ఎత్తుకుంటడని నేను ఎన్నడు అనుకోలే. అతని చెయ్యి పట్టుకొని నిలవడ్డ. ఇంకొక చాయ్ తాగుమంటే విఠల్ తాగలే. గోనెసంచి పిండుకొని, మళ్ల తల మీద వేసుకొని, లారీ ఎక్కి ఘాట్ దిక్కు పోయిండు.

ఆ తర్వాత విఠల్ నాకు ఘాట్ల కొన్నిసార్లు ఎదురైండు. ఇద్దరికి ఆగే టైము లేకపోతుండె. డిమ్ చేసుకొని, చెయ్యి ఊపుకొని పోతుంటిమి. కొన్నేండ్లకు ఆ లారీ కనవడుడు బందయింది. పని మార్చిండో, రోడ్డే మార్చిండో తెలవలే.

కొత్త డ్రైవర్లను నా పక్కన కూసోవెట్టి రోడ్డు నేర్పే పని నాకు అప్పజెప్పినప్పుడు అందరికి ఒకటే చెప్పిన. ఎదుటోని కండ్లు కాపాడుడు సగం పని. దాటినంక ఒక్కసారి ఎనుకకు చూడాలె. వాని వెలుగు మళ్ల లేచిందా? లేవకుంటే ఆగు. బస్సు లేటయితది, అడిగినోళ్లకు జవాబు చెప్పాల్సొస్తది, అయినా ఆగు.

నేను సుత ఆగిన. ఒకసారి ఇచ్చోడ ఇవతల, చీకటి పడే యాళ్ల, ఒక లారీ డిమ్ చేసి దాటింది. ఎనుకకు చూస్తే వెలుగు లేదు. బస్సు ఆపి నడుచుకుంట పోయిన. చూస్తే లారీ పక్కకు పెట్టి, దీపాలు ఆర్పి, డ్రైవర్ రాయి మీద కూసొని రొట్టె తింటున్నడు.

"లైట్లు పోయినయేమోనని వచ్చిన" అన్న, జర సిగ్గుపడుకుంట.

అతడు నా మొకం చూసిండు, ఎనుక నిలవడ్డ నిండు బస్సును చూసిండు. లేచి గుడ్డల మూటకెల్లి జొన్నరొట్టె తీసి, మీద మిరపకాయ తొక్కు పెట్టి నా చేతికిచ్చిండు.

"లైట్లు మంచిగనే ఉన్నయి, అన్నా. గింత దూరం నడిచొచ్చినవ్ గదా, తిని పో" అన్నడు.

బస్సులకెల్లి మంది పిలుస్తనే ఉన్నరు. నేను నిలవడి ఆ రొట్టెను పూర్తిగ తిన్న.