చాలన్నాక ఇంకో గరిటె

సర్జాపుర రోడ్డు పక్కన నేనుండే ఒంటిగదిలో ఇద్దరికి వండడం అదే మొదటిసారి. వచ్చేది హాస్టల్లో ఉన్నప్పటి నా స్నేహితురాలు, హిందూపురం పిల్ల. ఆ వారమే తన ఉద్యోగం పోయింది. ఆదివారం హాస్టలు ఖాళీ చేసి ఊరెళ్లిపోతానని ఫోన్లో చెప్పింది. నా దగ్గరే ఉండి ఇంకో ఉద్యోగం వెతుక్కోమని అనాలనుంది నాకు. డైరీలో అయితే పేజీలు నింపుతాను గానీ, నోటిదాకా వచ్చిన మాట మింగెయ్యడం చిన్నప్పటి అలవాటు. అందుకని భోజనానికి మాత్రం రమ్మన్నాను.

చికెన్ కొట్టతను స్కిన్ ఉంచాలా, తీసెయ్యాలా అని కన్నడంలో అడిగితే రెండింటికీ తలూపాను. నవ్వి, తనకు తోచినట్టు కొట్టిచ్చాడు. ఇంటికొచ్చి ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, పెరుగు పట్టించాను. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక ముక్కలు వేసి, చివర్లో ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి నూరిన ముద్ద కలిపేసరికి గదంతా అమ్మ వంటింటి వాసన.

"ఏమ్మే, ఉండే ఒక్క కుర్చీ పుస్తకాలకే ఇచ్చినావా?" అంటూ వచ్చింది. చాప మీద కూర్చున్నాం. తల ఎత్తకుండా తింది. రెండోసారి వడ్డించబోతే "చాలు మే" అంది. సరేనని గిన్నె మీద మూత పెట్టేశాను.

తను ఆ మూత వంకే చూసింది. "అంతేనా?"

"చాలన్నావుగా."

"చాలంటే మూత పెట్టేస్తారా ఎవరన్నా? మొదటిసారి అనేది మర్యాదకు. రెండోసారీ మర్యాదే. చెయ్యి అడ్డం పెట్టి పైకి లేస్తే అప్పుడు కదా నిజం! మీ గోదారోళ్లు తినిపించి సంపుతారంటారే, అంతా అబద్ధమా?"

మా ఇంట్లో కొసరి వడ్డించే పని అమ్మది. నేనేమో చుట్టాలు వెళ్లేదాకా పుస్తకం పట్టుకుని వెనక గదిలో ఉండేదాన్ని. నవ్వాపుకోలేక రెండు గరిటెలు, కాలి ముక్కతో సహా వేశాను. "చాలు, చాలు" అంటూనే కంచం ముందుకు జరిపింది.

ఆ నవ్వులోనే అనేశాను. "ఊరెళ్లకే. ఇక్కడే ఉండు."

"వద్దులే మే. ఈ గదిలో నీ పుస్తకాలకే జాగా లేదు."

ఇంకో రోజైతే అక్కడే మూత పెట్టేసేదాన్ని. "మంచం కింద పెడతా. ఉండు."

"మా అమ్మ ఒప్పుకోదు."

"నేను మాట్లాడతా మీ అమ్మతో."

"నువ్వా?" తినడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది. చెయ్యి అడ్డం పెట్టలేదు, లేవలేదు. "ఇంకో ముక్క వెయ్యి. ఆలోచిస్తా."

మర్నాడు వాళ్లమ్మకు ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో ముందే రెండుసార్లు చెప్పుకుని మరీ చేశాను. "వద్దులే తల్లీ, నీకెందుకు శ్రమ" అందావిడ.

మొదటిసారే కదా అని మళ్లీ అడిగాను.

నా పుస్తకాలిప్పుడు మంచం కింద ఉన్నాయి.