బూట్ ఫైలులో నేను చెరిపేసిన వరుస

సొంతంగా చదువుకుని కంప్యూటర్ ఎలా నేర్చుకున్నానో రాసివ్వమని మా గ్రంథాలయం వాళ్లు అడిగారు. చివర్లో సాయం చేసినవాళ్ల పేర్లు కూడా రాయమన్నారు. కూర్చున్నాను. పేర్ల దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లుగా మోస్తున్నదాన్ని దాచి ఆ వ్యాసం రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. అందుకే ముందు ఇది రాస్తున్నాను. నా పేరు మాత్రం పెట్టను. ఆ ధైర్యం ఇప్పటికీ లేదు.

తొంభైల చివర. మహబూబ్‌నగర్‌లో ఒక చిన్న కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేవాణ్ని. డిగ్రీ లేదు. లైబ్రరీలో దొరికిన పాత పత్రికల్లోంచి నోటుబుక్కులోకి రాసుకుని నేర్చుకున్నదే నా చదువు. అదే నా గర్వం. కేంద్రానికి కొత్త మెషిన్ బిగించింది ఖాజా భాయ్. షాద్‌నగర్ మనిషి, రేడియోలు బాగుచేస్తూ ఈ పనిలోకి వచ్చాడు. ముప్పై రెండు ఎంబీల మెమరీ ముక్కలు రెండు నా కళ్ల ముందే పెట్టాడు.

దాంట్లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించింది నేను. మెషిన్ ఆన్ చేయగానే ముందుగా లేచేది కెర్నల్, అంటే మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే అసలు ప్రోగ్రామ్. తనకు ఎంత మెమరీ ఉందో అది చూసుకుని తెర మీద చెప్తుంది. అరవై అంది. ఉండాల్సింది అరవై నాలుగు కదా? కెర్నల్ ఒక్కోసారి మెమరీని పూర్తిగా గుర్తుపట్టదని, అప్పుడు మెషిన్ లేచేటప్పుడు చదువుకునే బూట్ ఫైలులో మనమే చెప్పాలని చదివి ఉన్నాను. mem=64M అని ఒక వరుస చేర్చాను. మళ్లీ ఆన్ చేస్తే అరవై నాలుగు వచ్చింది. విద్యార్థులను పిలిచి మరీ చూపించాను.

వారం తిరగకముందే మెషిన్ ఆగిపోవడం మొదలైంది. పని ఎక్కువైతే చాలు, తెర నిండా పిచ్చి గీతలు. ఖాజా భాయ్ మూడుసార్లు వచ్చాడు. మెమరీ ముక్కలు తీసి, అంచులను రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాడు. లాభం లేదు. మూడోసారి, కేంద్రం నడిపే సార్ ఉండబట్టలేకపోయాడు.

"ఏం ఖాజా, గిదేనా నీ అస్లీ మాలు? రోజుకోపారి పండుకుంటాంది."

"రంజాన్ రోజా ఉంటాంది గావచ్చు సార్," అని నవ్వబోయాడు ఖాజా భాయ్. ఎవరూ నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "తమ్మీ, జర నువ్వన్న చెప్పు. పెట్టంగ చూసినవ్ గద?"

సార్ కూడా నన్నే చూశాడు. "చెప్పు, నువ్వు బుక్కులు సదివెటోనివి. తప్పు యాడుంది?"

"మెమరీలనే ఉంది సార్," అన్నాను.

అప్పుడు నిజంగా అదే నమ్మానా? నా వరుస గుర్తుకు రాలేదా? వచ్చింది. దాన్ని తీసి చూడాలని కూడా అనిపించింది. విద్యార్థుల ముందు చూపించినదాన్ని వాళ్ల ముందే ఎలా తీయను?

నాలుగు రోజులకు లైబ్రరీలో ఒక పేజీ కంటపడింది. తెరను నడిపే భాగం మదర్‌బోర్డులోనే ఉన్న మెషిన్లలో అది మెమరీలో కొంత తన వాటాగా తీసుకుంటుంది. కెర్నల్‌కు మొత్తం మెమరీ నీదేనని చెప్తే, తెర వాడుకుంటున్న చోటే అదీ రాస్తుంది. రెండూ పాడవుతాయి. మా మెషిన్ అలాంటిదే. అరవై అని కెర్నల్ చెప్పిందే సరైనది. దాన్ని దిద్దింది నేను.

మర్నాడు అందరికన్నా ముందు వెళ్లి ఆ వరుస చెరిపేశాను. అదే రోజు మధ్యాహ్నం, సార్ హైదరాబాద్ నుంచి తెప్పించిన కొత్త మెమరీ వచ్చింది. మార్చారు. మెషిన్ మళ్లీ ఆగలేదు. ఖాజా మాలే చెడ్డదనడానికి వాళ్లకు ఇంక రుజువేం కావాలి? ఆ మధ్యాహ్నం నోరు విప్పి, పాత ముక్కలతోనే ఒక్క పూట నడిపి చూపిస్తే సరిపోయేది. కొత్త మెమరీతో కూడా తెర మీద అరవై అనే వచ్చింది. అది చదవగలిగినవాణ్ని అక్కడ నేనొక్కణ్నే.

ఖాజా నకిలీ మాలు పెడతాడన్న మాట ఊళ్లో షాపులన్నిటికీ పాకింది. ఆయన్ని పిలవడం మానేశారు. షాద్‌నగర్‌లో ఏదో ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరాడు. రెండేళ్లకు బస్టాండులో కనిపించాడు. ఆయనే పలకరించాడు.

"మెషిన్ మంచిగ నడుస్తాందా తమ్మీ?"

"నడుస్తాంది భాయ్."

"నడవనీ. నా మాల్ల ఏం ఖరాబుండెనో ఇప్పటికీ సమజ్ గాలే. ఫికరైతది. అందుకే మళ్ల చెయ్యి పెట్టలే."

షాపులవాళ్లు పిలవకపోవడం ఒకటి. తన చేతి మీద తనకే నమ్మకం పోవడం ఇంకొకటి. రెండోది కూడా నా పనేనని ఆ రోజు తెలిసింది. అయినా బస్సెక్కి వచ్చేశాను. షాద్‌నగర్ ఎంత దూరమని? ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఇప్పుడు ఆయన ఎక్కడున్నాడో తెలియదు. రాశాక నాకు కొంచెం తేలికగా ఉంది. దానివల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదని తెలుసు.

గ్రంథాలయం వాళ్లు అడిగిన పేర్లు ఇవి. పాత పత్రికలను ఇంటికి తీసుకెళ్లనిచ్చిన లైబ్రరీ అటెండర్ యాదయ్యకు కృతజ్ఞతలు. ఇంగ్లిషు పేరాలకు విసుక్కోకుండా అర్థం చెప్పిన సుజాత టీచర్‌కు కృతజ్ఞతలు. మెషిన్ మూత తీసి, లోపల ఏది ఏమిటో మొదటిసారి వేలు పెట్టి చూపించిన ఖాజా భాయ్‌కి కృతజ్ఞతలు. ఆయన పెట్టిన మెమరీ మంచిదే.