తుర్కీ సార్ పట్టికలో నేను కొట్టని కాలమ్

అది 1983. కరీంనగర్‌లో కోర్టుకు ఎదురుగా ఉన్న ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో నేను జాబ్ టైపిస్టుగా పనిచేస్తున్నాను. పొద్దున, సాయంత్రం పిల్లలు లోయర్, హయ్యర్ పరీక్షలకు నేర్చుకునేవాళ్లు. మధ్యలో పది నుంచి నాలుగున్నర దాకా బయటివాళ్ల పని. సిరిసిల్లలో మా ఇంటివాళ్లంతా మగ్గాల మీద బతికినవాళ్లే, నేనొక్కదాన్నే మెషీన్ మార్చాను. వేగంలో జిల్లా మొత్తం మీద నన్ను మించినవాళ్లు లేరని నాకో పొగరు ఉండేది. ఇప్పుడు చెప్పబోయేది ఆ పొగరు చేసిన పనే. ఇన్నేళ్లలో మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మా పని గురించి కొంచెం చెప్పాలి. వకీలు చేతిరాతతో ఇచ్చేది డ్రాఫ్ట్. దాన్ని శుభ్రంగా టైపు చేస్తే ఫెయిర్ కాపీ. తర్వాత ఒకరు డ్రాఫ్ట్ పైకి చదువుతుంటే ఇంకొకరు ఫెయిర్ కాపీ మీద వేలు పెట్టి చూసుకుంటూ పోవాలి. దాన్ని కంపేర్ చేయడం అంటారు. అది అయ్యాక చివరి పేజీ కింద ‘కంపేర్డ్’ అని కొట్టి, పక్కన పొట్టి సంతకం పెడతాం. డ్రాఫ్ట్‌లో ఉన్నదంతా ఇందులో ఉంది, నాదీ పూచీ అని ఆ సంతకానికి అర్థం.

ఇంకో అలవాటు కూడా ఉండేది. మా యజమాని రాజన్న నేను చేరిన మొదటి వారంలోనే నేర్పాడు. ఒక రైతు తన అర్జీలో అవతలివాడు ఏమంటున్నాడో కూడా చెప్పబోతే నేను రాసుకుంటున్నాను. రాజన్న నా చేతిలోంచి పెన్సిల్ లాక్కున్నాడు.

“మనకు గిట్టని ముచ్చట మన అర్జీల మనమే రాసుకుంటమా సుగుణా? గది అవతలోడు రాసుకుంటడు తియ్!” అన్నాడు.

అప్పట్నుంచి జనం చెప్పేదాంట్లో వాళ్లకు ఎదురుతిరిగేలా ఉన్నదాన్ని నేనే ఏరి పారేసేదాన్ని. అది తెలివి అనుకునేదాన్ని.

ఆ ఏడు వానాకాలం మొదట్లో నర్సింగరావు సార్ వచ్చారు. హుస్నాబాద్ దగ్గర భూములున్న కుటుంబం. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకుని, మంచిర్యాలలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక కరీంనగర్‌లో ఒక గది తీసుకుని ఒంటరిగా ఉంటున్నారు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. సంచిలోంచి నలభై దాకా వెడల్పాటి కాగితాలు తీసి నా బల్ల మీద పెట్టారు. అన్నీ గీతలు గీసి ఇంగ్లీషులో రాసిన పట్టికలు.

“ఏంది సార్ గివి, భూమి పంచాయితా?” అన్నాను.

“భూములయి కాదు బిడ్డా, మాటలయి. పాతకాలపు గ్రీకు మాటల్ల కొన్నిటికి తుర్కీ మూలం ఉన్నదేమోనని ఇరవై ఏండ్ల సంది చూస్తున్న.”

పక్క మెషీన్ మీద ఉన్న విమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వు ఆపుకోలేకపోయాను. సార్ ఏమీ అనుకోలేదు, కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

“కత్తెరను ఖైంచి అంటవ్ గద, తుపాకి అంటవ్ గద. అవి తుర్కీ మాటలే, తిరుక్కుంట తిరుక్కుంట మన నోట్లెకొచ్చినయ్. నీ చేతిల కలం ఉన్నది సూడు, ఆ పేరు గ్రీకుల కాన్నుంచి అరబ్బులకు పోయి, ఆన్నుంచి మన దాక వచ్చింది. మాటలు గింత దూరం నడుస్తయంటె, గుర్రాల మీద తిరిగెటి ఆ తుర్కీవోళ్లు ఎన్నడో గ్రీకులకు కూడ నాలుగు మాటలు ఇచ్చిన్రేమో అని.”

“ఇచ్చిన్రా సార్ మరి?”

“గదే తెల్వది! గందుకే రెండు దిక్కులా రాసిన.”

పట్టికలో ఆరు కాలమ్‌లు ఉన్నాయి. గ్రీకు మాట, దాని అర్థం, తుర్కీ మాట, దాని అర్థం. ఐదోదాంట్లో ఈ రెండూ ఒకటే అనడానికి ఆధారం. ఆరోదాంట్లో కాదనడానికి ఆధారం. గంజాయి మొక్కకు గ్రీకులో కన్నబిస్, తుర్కీలో కెందిర్ అని చూపించారు.

“సార్, గిది టైపు కొడితె ఎదురుంగ కోర్టుల నుంచి పోలీసులే వస్తరు,” అన్నాను. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వారు.

ఇంకో వరసలో గ్రీకుల తలస్సా, అంటే సముద్రం. పక్కన తుర్కీవాళ్ల తలాజ్, అంటే అల. రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో ఐదో కాలమ్‌లో రాశారు. ఆరోదాంట్లో మాత్రం, తుర్కీవాళ్లే దాన్ని గ్రీకుల దగ్గర తీసుకున్నారు కాబట్టి ఇది చెల్లదు అని ఉంది.

“చెల్లనిదాన్ని ఎందుకు పెట్టిన్రు సార్?”

“నేను మోసపోయిన తొవ్వల ఇంకోడు పోవద్దని బిడ్డా.”

చివరి రెండు పేజీలు కూడా అలాంటివే. గ్రీకుల రాతలకు వెయ్యేళ్లు దాటాక గాని తుర్కీ శాసనాలు దొరకవని, మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ తెలియదని, అందుచేత ఇదంతా తప్పు కావచ్చని రాసుకున్నారు. హైదరాబాద్‌లో భాషా పండితుల సదస్సు ఒకటి జరగబోతోందట. ఎన్నో ఉత్తరాలు రాశాక ఈయనకు పావుగంట ఇచ్చారు.

“ఇరవై ఏండ్లకు ఒక్కపారి పిలిచిన్రు. కండ్లు పూర్తిగ పోకముందు పెద్దోళ్ల ముందట పెట్టాలె. జర మంచిగ కొట్టు బిడ్డా,” అన్నారు. ఆయన వెళ్లగానే మేం ఆయనకు తుర్కీ సార్ అని పేరు పెట్టేశాం.

టైపు మెషీన్‌లో కాగితాన్ని పట్టుకుని అటూ ఇటూ జరిగే భాగాన్ని క్యారేజీ అంటారు. మా మెషీన్ల క్యారేజీ పొట్టిది. ఆరు కాలమ్‌ల కాగితం అందులో పట్టదు. అలాంటప్పుడు రెండు కాగితాల మీద సగం సగం కొట్టి, వరసలు కలిసేలా అంచులు అతికించాలి. పని తెలిసినవాళ్లు చేసేది అదే, నాకూ వచ్చు. కానీ అప్పుడే ఏవో ఉద్యోగాలకు ప్రకటన పడింది. దరఖాస్తులవాళ్లు మెట్ల దాకా నిలబడి ఉన్నారు. పొట్టి క్యారేజీలో ఐదు కాలమ్‌లు సరిగ్గా పట్టాయి. ఆరోదాన్ని వదిలేశాను. అది లేనప్పుడు చివరి రెండు పేజీలు మాత్రం దేనికని వాటినీ వదిలేశాను.

సార్‌కు మేలే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. తన మాట తప్పని తనే రాసుకునే మనిషిని పెద్దవాళ్లు నమ్ముతారా అనుకున్నాను. అదంతా సాకు. నిజానికి ఆ పట్టికను పిచ్చి కింద జమకట్టాను, పిచ్చి పనికి అంత కష్టం ఎందుకు అనుకున్నాను. కంపేర్ కూడా చేయలేదు. కంపేర్డ్ అని కొట్టి, పక్కన నా పొట్టి సంతకం పెట్టేశాను.

సార్ వచ్చి కాపీలు తీసుకున్నారు. కాగితాన్ని కంటి దగ్గరగా పెట్టుకున్నా ఆయనకు అక్షరాలు ఆనలేదు. కట్టను చేత్తో తూచినట్టు పట్టుకున్నారు.

“కాయితాలు తక్కువైనట్టున్నయ్?”

“టైపు కొడితె తగ్గుతయ్ సార్.”

“కంపేర్ చేసిన్రా?”

“చేసినం సార్.”

“ఖుష్ ఉండు బిడ్డా,” అని దీవించి వెళ్లారు.

పది రోజుల తర్వాత మళ్లీ వచ్చారు. సదస్సులో కాపీలు పంచారట. ఒక ప్రొఫెసర్ లేచి, తలాజ్ అన్నది గ్రీకుల మాటేనని కూడా తెలియకుండా ఇక్కడికి వచ్చారా అని అడిగాడట. ఆరో కాలమ్ చూడండి, అందులో నేనే రాశాను అని సార్ అన్నారట. ఆరో కాలమే లేదు కదా అని ఒకరు, ఎక్కడుందో చూపించమని ఇంకొకరు. చూపించడానికి ఆయనకు కళ్లు కనబడవు. హాలంతా నవ్విందట. ఆయనకిచ్చిన పావుగంట అందులోనే అయిపోయింది.

ఇదంతా చెప్పేటప్పుడు ఆయనకు కోపం లేదు. భయం ఉంది. సంచిలోంచి తన డ్రాఫ్ట్ తీసి నా ముందు పెట్టారు.

“నిజం చెప్పు బిడ్డా. దీంట్ల ఆరో కాలమ్ ఉన్నదా? నేను రాసిన్నా, లేకుంటె రాసిన్ననుకుంటున్ననా? నా కండ్లకు కనబడతలేదు.”

రాజన్న తన బల్ల దగ్గర తలెత్తి నన్నే చూస్తున్నాడు. పని మీద మాట వస్తే ఊరుకునే మనిషి కాదు. నేను సంపాదించుకున్న వేగం, పేరు, ఉద్యోగం అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. తప్పయింది సార్ అంటే సరిపోయేది. నా నోట్లోంచి వచ్చింది అది కాదు.

“ఉన్నది సార్. కని మీరే గద ఆరోది వద్దన్నరు.”

సార్ పెదవులు కదిలాయి, గుర్తు చేసుకుంటున్నారని తెలుస్తోంది. దేనికైనా రెండు వైపులా చూసే మనిషి. నా అబద్ధాన్ని కూడా అలాగే చూశారు.

“అన్ననా? అన్ననేమో బిడ్డా,” అన్నారు. లేచి, డ్రాఫ్ట్‌ను నా వైపు జరిపారు. “ఇగ ఇది నాకెందుకు? నీ కాడనే ఉండనియ్.”

ఆయన మెట్లు దిగుతుంటే రాజన్న, “ముసలాయనకు యాది తప్పుతున్నట్టుంది,” అన్నాడు. నేను తల ఊపాను. ఆ తల ఊపడం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ డ్రాఫ్ట్ నా సొరుగులో ఏడెనిమిది నెలలు ఉంది. సొరుగు తెరవాల్సి వచ్చినప్పుడల్లా విమలను తీయమనేదాన్ని. సార్ గది ఖాళీ చేశారని, మతిమరుపు వచ్చిందని మంచిర్యాలలో ఉన్న కూతురు తీసుకుపోయిందని ఎవరో చెప్పారు. ఆ మాట విన్నాక సెలవు రోజుల్లో కూర్చుని మొత్తం మళ్లీ కొట్టాను, రెండేసి కాగితాల మీద, ఆరు కాలమ్‌లూ, చివరి రెండు పేజీలూ. విమల పైకి చదువుతుంటే వేలు పెట్టి ప్రతి అక్షరం చూసుకున్నాను. అంచులు అతికించి, బస్సెక్కి మంచిర్యాల వెళ్లాను.

సార్ కూతురు శారద గుమ్మంలోనే ఆపింది.

“బాపుకు యాది ఉంటలేదమ్మా. ఎక్కువ మాట్లాడియ్యకు. బజారుకు కూడ ఒక్కన్ని పంపుతలేం.”

“డాక్టరు చెప్పిండా అక్కా?”

“డాక్టరెందుకు, ఆయనే చెప్పిండు. నేను అన్న మాటలే నాకు యాదికుంటలెవ్వని.”

లోపల సార్ గోడ పక్కన మంచం మీద కూర్చుని ఉన్నారు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, మందపాటి అద్దాలు పెట్టుకున్నారు. చదవడానికి చూపు వచ్చినా చుట్టుపక్కల ఒక్క పుస్తకం లేదు. కాగితాలు చేతికిచ్చాను. అతుకు మీద వేలు పోనిచ్చి, ఆరో కాలమ్ దగ్గర ఆగి, మెల్లగా చదివారు. ఒక పేజీ, ఇంకో పేజీ.

“మీరు వద్దనలే సార్,” అన్నాను. “నేనే కొట్టలే. తప్పించుకునేతందుకు మీ మీద ఏసిన.”

ఆయన తల ఎత్తలేదు. “శారదా, ఇట్రా,” అని పిలిచారు. ఆమె వచ్చింది. “ఇప్పుడు అన్నది మళ్ల అను బిడ్డా.”

శారద ముందు నిలబడి మళ్లీ అన్నాను. ఆమె నన్ను కొట్టినా బాగుండేది. “సంచి పట్టుకొని బజారుకు పోయొస్త అంటె నేను చేతిలకెల్లి గుంజుకున్న గదమ్మా,” అని అక్కడే కూలబడి ఏడ్చింది. సార్ ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

“నా మీద నాకే నమ్మకం పోయింది బిడ్డా,” అని నాతో అన్నారు. “పుస్తకం పట్టాలంటె భయమైంది. చదివింది యాదికుంటదో ఉండదో అని.”

కాళ్లు పట్టుకోబోతే వద్దన్నారు. క్షమించానని అనలేదు, తిట్టనూ లేదు. నీళ్లిమ్మని శారదకు చెప్పారు. నేను లేస్తుంటే మాత్రం, పాఠం అప్పజెప్పమన్నట్టు అడిగారు.

“ఇంకెవరి కాయితాలన్న గిట్ల చేసినవా?”

“తెల్వది సార్.”

“తెల్వదంటె ఎట్ల? యాది చేస్కో.”

ఆయన ఆ పట్టికను మళ్లీ సదస్సువాళ్లకు పంపారని తర్వాత విన్నాను. జవాబు వచ్చిందో లేదో తెలియదు. గ్రీకు మాటల వెనక తుర్కీ మాటలు నిజంగా ఉన్నాయో లేదో కూడా నాకు తెలియదు. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చేదాకా నేను టైపిస్టుగానే ఉన్నాను. ఎవరి కాగితమైనా తెలుగులో విప్పి చెప్పి, వాళ్లు ఔనన్నాకే సంతకం పెట్టాను. కానీ అది ఆ తర్వాతి సంగతి.

తిరుగు బస్సులో కూర్చుని సార్ చెప్పినట్టే గుర్తు చేసుకోవడానికి చూశాను. పింఛను అర్జీలు, కూలి అర్జీలు, భూమి అర్జీలు. మీకెందుకు నేను చూసుకుంటా అని నేను ఏరి పారేసిన మాటలు. ఒక్క ముఖం కూడా స్పష్టంగా గుర్తుకు రాలేదు. తన కాగితంలో ఏం ఉండాలో సార్‌కు తెలుసు కాబట్టి ఆయన నా దగ్గరికి తిరిగి వచ్చారు. ఇంగ్లీషు రానివాళ్లు వేలిముద్ర వేసి, నాకు దండం పెట్టి వెళ్లిపోయారు. వాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు.